మూత కింద ఆరు తీగలు

కుప్పం,
జూన్ 21.

మామకు,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడితే నీ బటన్ల ఫోన్‌లో తెలుగు అక్షరాలన్నీ ఖాళీ గళ్ళుగా కనిపిస్తాయని నువ్వే చెప్పావు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను.

అమ్మను మట్టిలో పెట్టి ఈరోజుకు ఇరవై ఒక్క రోజులు. ఆ రోజు నువ్వు పిడికెడు మట్టి వేసి, ఇంటి వెనక కాసేపు తిరిగి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయావు. మంచినీళ్ళు కూడా తాగలేదు. పాస్టరమ్మ "మీ మామ యాడికి పోయినాడు పాపా? సొంత సెల్లెలు గదా" అని నన్ను అడిగింది.

మే 27న మన పల్లెకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. మే 30న అమ్మ రాగుల మిల్లులో మోటార్ కాలింది. వేడెక్కిందేమోనని దాని మీద చెయ్యి వేసి, కరెంటు కొట్టి అమ్మ పోయింది. మధ్యలో మూడు రోజులు. ఆ మూడు రోజులనే నేను తిప్పి తిప్పి చూస్తున్నాను.

ఆ మోటార్ నువ్వే మదనపల్లె ఆస్పత్రి లాండ్రీ పాత సామాన్లలో కొని, పదమూడేళ్ళ క్రితం తెచ్చి బిగించావు. దాని ఇత్తడి పలక మీద 115/230 అని ఉండేది. హైస్కూల్లో ఉన్నప్పుడు నేను అది చదివి, "అమ్మా, ఇది అన్నం పెట్టినా తింటుంది, సంగటి పెట్టినా తింటుంది" అని చెప్పాను. అమ్మ ఊరంతా చెప్పుకుంది. పాలిటెక్నిక్‌కి వెళ్ళాకే తెలిసింది, అది ఏదైనా తినే మోటార్ కాదని. ఏం పెట్టబోతున్నామో ముందే మూత కింద తీగల్లో చెప్పి ఉంచాలని. లోపలి చుట్ట రెండు సగాలు. ఒకదాని వెనక ఒకటి కలిపితే రెండు వందల ముప్పై వోల్టులకు. పక్కపక్కన కలిపితే నూట పదిహేనుకు. పక్కపక్కన కలిపినదానికి రెండు వందల ముప్పై ఇస్తే ఒక్కో సగం మీద రెండింతలు పడుతుంది. నేను రాసుకున్నది ఇదీ. తప్పయితే దిద్దు.

కాలిన మోటార్ మూత తీశాను. తీగలన్నీ కరిగి ఒక నల్లటి ముద్ద అయిపోయాయి.

మామా, ఆ తీగలు ఎలా కలిపావు? ప్రమాదానికి కారణం రాసి పంపమని విచారణ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఆ పల్లెకు ఎనర్జీ అసిస్టెంట్‌ని నేనే, పోయిన మనిషి కూతుర్నీ నేనే. కానీ నేను అడిగేది ఆఫీసు కోసం కాదు. మా అమ్మ ఎందుకు పోయిందో నాకు తెలియాలి.

బీనా


పుంగనూరు,
జూలై 4.

అమ్మణ్ణీ బీనా,

నీ కాయితం వచ్చి వారం దాటింది. పెన్ను కనపళ్ళేదని ఒక పొద్దు, కాయితం లేదని ఒక పొద్దు, అట్ల జరుపుకుంటా వచ్చినాను. టమోటా కాలం గదా, కాలిన బోరు మోటర్లు వరసగా వస్తాండాయి. అంగడి ముందర లారీ వచ్చి నిలిచి హారన్ కొట్టినా నాకు తెలియడం లేదు. చుట్టేది చుడతానే ఉండాను. చేతులకు పని ఉంటే బుర్రకు కొంచెం సెలవు.

ఆ పొద్దు తినకుండా వచ్చినానని మనసులో పెట్టుకోవద్దు.

మోటరు సంగతి అడిగినావు. పలక మీద రెండొందల ముప్పై అని ఉండాది గదమ్మా. అట్లనే ఉండె. పాత సరుకు. ఆస్పత్రికి అమెరికావోళ్ళు ఏ కాలంలోనో పంపింది. లోపల చుట్టిన నూలంతా పొడి అయిపోయింటాది. దేవుడు పిలిచినప్పుడు మోటరు ఒక సాకు.

నేనొక మాట అడగాల. ఫీజు ఏమైంది? మోటరు కాలేంత కరెంటు తాగితే ముందు ఫీజు పోవాల గదా. నేనుండంగా సన్న తీగ, ఒకే పోగు పెట్టించినాను. చెల్లికి పదిసార్లు చెప్పినాను. అది యాల పోలేదు?

వేళకు తిను. రూములో ఒక్కదానివే ఉండొద్దు.

మీ మామ,
వరప్రసాద్


కుప్పం,
జూలై 18.

మామకు,

ఫ్యూజు తీగ బిగించే క్యారియర్ కూడా కాలిపోయింది. చూసి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నేను అడిగింది తీగల సంగతి. నువ్వు చెప్పింది పలక సంగతి. పలక నేనూ చదవగలను.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిన రోజు నువ్వు లేవు కాబట్టి చెబుతాను. ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కోసం మా ఏ.ఈ. గిరిబాబు సారు ఆఫీసుకు పదకొండు సార్లు తిరిగాను. ఇంటింటికీ మీటర్ పట్టుకుని వెళ్ళి, పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, దీపాల వేళ ఎంత అని పట్టిక రాశాను. సారు పట్టిక చూసి, "నీ యమ్మ మిల్లు కోసమే గదా పాపా ఇంత తిరగతాండావు" అని నవ్వారు. అవును సార్ అన్నాను. మే 27 అని తేదీ ఇచ్చారు. ఆ తేదీ జారకుండా కాంట్రాక్టర్ వెంట, క్రేన్ వెంట, చివరికి సిమెంట్ బస్తాల వెంట నేనే పరిగెత్తాను. ఆఫీసులో అందరూ ఆశ్చర్యపోయారు, చెప్పిన రోజుకు పని అయిందని.

సాయంత్రం స్విచ్ వేస్తే అమ్మ ఇంట్లో బల్బు తెల్లగా వెలిగింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "దేవుడా, నా ఇంట్లో ఇంత బూజుండాదా" అంది. చీపురు అందుకుంది. ఆ వెలుగులో మా అమ్మ మొదట చేసిన పని అదీ.

ఇప్పుడు ఊర్లో ఏమంటున్నారో తెలుసా? పక్కింటి వెంకటమునన్న నా ముందే అన్నాడు: "కూతురు కరెంటు తెచ్చె, కరెంటు తల్లిని తీస్కపోయె." తిట్టాలని కాదు, బాధతోనే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను తెచ్చిన కరెంటులో తప్పుందా, నువ్వు కలిపిన తీగల్లో తప్పుందా? అడిగినదానికి జవాబు చెప్పు మామా.

బీనా


మదనపల్లె,
ఆగస్టు 9.

అమ్మణ్ణీ,

చెవులు చూపించుకునేదానికి మదనపల్లెకు వచ్చినాను. మిషన్ పెట్టినా పెద్దగా లాభం ఉండదన్నారు. తిరిగి పోతా, పాత లాండ్రీ ఉండిన చోట అరుగు మీద కూర్చోని ఇది రాస్తాండాను. ఈడ నేను పదేండ్లు పని చేసినాను. దుప్పట్లు పిండే మిషన్లకు ఉండిన మోటర్లు ఇవి.

పలక మీద ఉండాది కాబట్టి అట్లనే ఉండె అన్నది అబద్ధం.

బిగించిన పొద్దు ఆరు ఇండ్ల ఆడోళ్ళు బుట్టల్లో రాగులు పోసుకోని వచ్చి కూర్చోని ఉండారు. మొదట నేను సరిగ్గానే కలిపినాను, ఒకదాని వెనక ఒకటి. స్విచ్చి వేస్తే మోటరు మూలిగింది గాని రాయి కదల్లేదు. మీటరు పెడితే నూట ఇరవై. లైను చివర పల్లె, అంతకంటే యాడ నుంచి వస్తాది? ఒక ముసలామె, "ఏమప్పా, అది దొరల మోటరు, దానికి తెలుగు రాదేమో, ఇంగిలీసులో సెప్పి సూడు" అనింది. అందరూ నవ్విరి. చెల్లి మాత్రం నవ్వలేదు. నా మొగమే చూస్తా ఉండె. మీ నాయన పోయిన ఏడాది అది. ఆ మిల్లు తిరగకపోతే నీ బడి లేదు.

మూత తీసి పక్కపక్కన కలిపినాను. రాయి తిరిగింది. ఆ ముసలామే నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

కరెంటు బాగుపడిన పొద్దు వచ్చి మార్చేస్తాను అనుకున్నాను. చెల్లికి చెప్పలేదు. చెప్తే భయపడి మిల్లు వెయ్యదని. పదమూడేండ్లు కరెంటు బాగుపళ్ళేదు.

నువ్వు ఫిబ్రవరిలో రాసినావు, మే ఇరవై ఏడుకు ట్రాన్స్‌ఫార్మరని. చదివి నవ్వుకున్నాను. గవర్నమెంటోళ్ళు ఉగాది అంటే దీపావళి. మా వీధిలో స్తంభం నాటతామని గుంత తీసి మూడేండ్లు, ఆ గుంతలో మునగ చెట్టు కాయలు కాస్తాండాది. జూలైలో టమోటా మోటర్లు తగ్గినాక పోయి మార్చుదాములే అనుకున్నాను. చెప్పిన తేదీకి కరెంటు వచ్చేది నా బతుకులో చూళ్ళేదమ్మా. నువ్వు తెచ్చినావు.

నీ కరెంటులో తప్పు లేదు.

మామ


కుప్పం,
ఆగస్టు 23.

మామా,

ఒక్క ఉత్తరం. "మోటార్ ముట్టుకోవద్దు, నేను వచ్చేదాకా ఆగండి" అని ఒక్క కార్డు ముక్క. నీకు వినపడదు, సరే. రాయడం వచ్చు కదా. నలభై ఏళ్ళకు ఆదివారం బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నావని అమ్మ ఎంత గొప్పగా చెప్పుకునేది.

నేను ఆలస్యం చేసి ఉంటే అమ్మ బతికేది. అందరిలాగా పని ఎగ్గొట్టి ఉంటే, క్రేన్ వెంట పరిగెత్తకపోతే, మా అమ్మ ఇవాళ రాగులు జల్లిస్తూ ఉండేది. నేను మంచి ఉద్యోగినని నిరూపించుకున్నాను.

విచారణ కాగితంలో నీ పేరు రాస్తాను. రాయకుండా ఉండలేను. ఇక నాకు రాయొద్దు.

బీనా


పుంగనూరు,
సెప్టెంబర్ 12.

అమ్మా బీనా,

రాయొద్దన్నావు. ఇది నా కోసం రాసేది కాదు, చించకుండా చదువు.

దీంతోపాటు ఒక కాయితం పెట్టినాను. తీగలు కలిపింది నేనేనని, మార్చకుండా వదిలింది నేనేనని రాసి సంతకం పెట్టినాను. ఆఫీసులో ఇయ్యి.

ఇంకొకటి. ఆ మోటర్లు జత. రెండోది కలికిరి పక్కన పల్లెలో వసంతమ్మ మిల్లులో ఉండాది. అదీ లైను చివర ఊరే. అదీ అట్లనే కలిపినాను. ఇన్ని దినాలు నీకు చెప్పలేదు. చెప్తే మొదటిది ఒప్పుకున్నట్లే గదా అని దాచినాను. ఒప్పుకున్న కాయితంలో కూడా రాసేదానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు అక్టోబరు ఐదుకు ఆ ఊరికీ కొత్త ట్రాన్స్‌ఫార్మరంట. ఈసారి నవ్వలేదు. తెల్లారి బస్సెక్కి పోయినాను. చెల్లి సంగతి ఆడికీ చేరింది. వసంతమ్మ ఏమనిందో నాకు వినపళ్ళేదు. వాకిట్లో అడ్డం నిలబడి రెండు చేతులూ చాపింది. అది తెలుసుకునేదానికి చెవులు అక్కరలేదు.

నువ్వు పోవాల. నీ మెడలో ఆఫీసు కార్డు ఉండాది, నిన్ను రానిస్తారు.

ముందు స్విచ్చి తీసి, ఫీజు పీకి నీ జేబులో పెట్టుకో. మూత కింద ఆరు తీగలు ఉంటాయి. అక్షరాలు రాక ముందు నుంచీ నేను తీగలకు నూలు ముడులు వేస్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకటీ రెండూ ఒక సగం. మూడూ నాలుగూ ఇంకో సగం. ఎర్ర దారం కట్టిన రెండూ స్టార్టింగువి. ఉండేవన్నీ విప్పేయి. రెండునూ మూడునూ కలిపి గట్టిగా టేపు చుట్టు. కరెంటు ఒకటికీ నాలుగుకూ. ఎర్ర దారంలో ఒక కొస ఒకటితో, ఇంకో కొస రెండూ మూడూ కలిసే చోట. మోటరు వెనక్కి తిరిగితే భయపడొద్దు, ఎర్ర దారాలు అటుది ఇటు, ఇటుది అటు మార్చు.

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు.

వరప్రసాద్


కుప్పం,
అక్టోబర్ 30.

మామకు,

సెప్టెంబర్ 28న కలికిరి వెళ్ళాను. గిరిబాబు సారు అక్కడి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు. వసంతమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, కనుబొమల దాకా పిండితో బయటికి వచ్చింది.

"నువ్వేనా ఆ కరెంటు పాప?"

"నేనేనమ్మా."

"మొన్న మీ మామ వచ్చె. ఇప్పుడు నువ్వొస్తివి. మీ ఇంట్లో ఇంకెవురన్నా ఉంటే ఒకేసారి రమ్మను, అందరికీ కలిపి కాఫీ పెడతా."

"ఇంకెవరూ లేరమ్మా" అన్నాను. ఆమె తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకు జరిగింది.

మూత తీశాను. మా అమ్మ మోటార్‌లో నల్లటి ముద్దగా చూసినదాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. ఎంత శుభ్రంగా కలిపావు మామా. ఒక్క కొస కూడా బయటికి రాలేదు. నువ్వు చెప్పినట్టే విప్పి, రెండూ మూడూ కలిపి, బెల్టు తీసేసి స్విచ్ వేశాను. నెమ్మదిగా తిరిగింది, వెనక్కి. వసంతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "సదువుకున్న పాప సేస్తే మోటరు ఎనక నుంచి సదవతాండాదే!" అంది. అక్కడ రాగులతో కూర్చున్న ఐదుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మే తర్వాత నవ్వడం అదే మొదలు. ఎర్ర దారాలు మార్చాను, సరిగ్గా తిరిగింది. బెల్టు వేశాను.

మూలిగింది. రాయి కదల్లేదు.

నాకు తెలుసు కదలదని. అక్కడ ఇంకా నూట ఇరవై ఐదే. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా తిరగదని చెప్పాను. నవ్వులన్నీ ఆగిపోయాయి. "నిన్నటిదాకా తిరిగిండె గదా! బాగుండేదాన్ని సెడగొట్టేదానికేనా నీకు జీతం?" అంది ఒకామె. వసంతమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మాకు ఆ ట్రాన్స్‌ఫార్మరు వద్దు పాపా. మా మోటరు ఎట్లుండెనో అట్ల ఇచ్చేయ్. పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినారు ఈళ్ళంతా."

అప్పుడు మూత ఇంకా నా చేతిలోనే ఉంది. నాలుగు స్క్రూలు. మళ్ళీ పక్కపక్కన కలిపేస్తే అందరూ మెచ్చుకుంటారు. ఐదో తేదీ పొద్దున వచ్చి మార్చుకోవచ్చు. నా వేళ్ళు టేపు విప్పడానికి పోయాయి కూడా. ఆ క్షణం నువ్వు నాకు అర్థమయ్యావు. క్షమించానని కాదు. అర్థమయ్యావు.

మూత బిగించి వచ్చేశాను. నేను బస్సెక్కేదాకా తిడుతూనే ఉన్నారు.

ఐదో తేదీ పోయింది. పదో తేదీ పోయింది. వసంతమ్మ రోజూ ఫోన్ చేసేది: "ఏం పాపా, మీ కరెంటు బయల్దేరిందా, దోవలో నిద్రపోయిందా?" ఇరవై నాలుగున వచ్చింది. నేనూ వెళ్ళాను. మీటర్‌లో రెండు వందల ముప్పై రెండు. స్విచ్ వేస్తే రాయి ఎంత మెత్తగా తిరిగిందని. అరగంట నడిపి, ఆపి చూస్తే మోటార్ గోరువెచ్చగా ఉంది, అంతే.

అప్పుడు వసంతమ్మ అడిగింది: "ఎప్పుడన్నా ఫీజు పోతే తీగ కొంచెం లావుది ఎయ్యొచ్చా పాపా?"

వెళ్ళి వాకిట్లో కూర్చున్నాను.

మామా, నువ్వు జూలైలో ఇదే అడిగావు. క్యారియర్ కాలిపోయిందని రాశాను. అది నాకు తెలియదు. వెతికాను, దొరకలేదు. దొరకనందుకు లోపల సంతోషించాను. మే 28న అమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఫీజు రెండుసార్లు పోయింది. మోటరు ఎద్దు మాదిరి అరుస్తాండాది" అంది. నేను వేరే ఊర్లో స్తంభం కింద ఉన్నాను. ఆ వారమంతా ప్రతి ఇంటి నుంచీ ఇలాంటి ఫోన్లే. "ఇప్పుడు కరెంటు నిండుగా వస్తోంది కదమ్మా, ఆ సన్న తీగ తట్టుకోలేదు. రెండు పోగులు మెలిపెట్టి వెయ్యి. ఆదివారం వచ్చి చూస్తాను" అన్నాను. తీగ లావు చేయకూడదని ఊరూరా గోడల మీద కాగితాలు అంటించేది నేనే. అమ్మ ముప్పైన రాగులు వస్తే మిల్లు వేసింది. ఆదివారానికి అమ్మ లేదు.

"వెయ్యొద్దు, నేను వస్తున్నాను" అని ఉంటే చాలు. ఒక్క కార్డు ముక్క రాయలేదని నిన్ను తిట్టాను. నాకు కార్డు కూడా అక్కర్లేదు, ఫోన్ చెవి దగ్గరే ఉంది.

నీ కాగితం, నా కాగితం రెండూ ఆఫీసులో ఇచ్చాను. గిరిబాబు సారు నా దాంట్లో ఫ్యూజు వాక్యం మీద వేలు పెట్టి, "ఇది తీసేయి పాపా, ఉద్యోగానికి కష్టం" అన్నారు. తీయలేదు.

బీనా


పుంగనూరు,
నవంబర్ 11.

అమ్మణ్ణీ,

నాకు ముందే తెలుసు.

మట్టి చేసిన పొద్దు ఇంటి వెనక తిరిగినానని రాసినావు గదా. మిల్లు గోడ కింద క్యారియర్ పడి ఉండె, కరెంటు తీసేదానికి ఎవరో పీకి పారేసింటారు. రెండు పోగులు మెలిపెట్టి ఉండాది. ఎవరు చెప్పినా చెల్లి తీగ లావు చెయ్యదు. నేను చెప్పిన మాట జవదాటేది కాదు. నువ్వు చెప్తేనే చేసింటాది. ఆఫీసోళ్ళు చూస్తే నీ ఉద్యోగం పోతాదని జేబులో వేసుకోని, ఎవరి మొగమూ చూడలేక బస్సెక్కినాను. ఇంతవరకూ బాగానే ఉండాది.

ఆ తరవాత నువ్వు తీగల సంగతి అడిగినావు. నేను నిన్ను ఫీజు సంగతి అడిగినాను. తెలిసే అడిగినాను. భయపడి నన్ను అడిగేది మానుకుంటావని. మీ యమ్మను మట్టి చేసి ఇంకా నెలన్నర కాలేదు, నీ పుండు మీద నేను వేలు పెట్టినాను. తీగలు కలిపిన దానికి మాఫీ ఉండాదో లేదో నాకు తెలియదు గాని, ఈ దానికి మాత్రం అడిగేదానికి కూడా నాకు నోరు రాదు.

క్యారియర్ నా బీరువాలో ఉండాది. నువ్వు ఏమి చెయ్యమంటే అది చేస్తా.

మామ


కుప్పం,
డిసెంబర్ 4.

మామకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. కోపం ఉంది. కానీ నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నీకు నేను తప్ప ఎవరున్నారు? అది తర్వాత మాట్లాడుకుందాం.

విచారణ రిపోర్టు వచ్చింది. ఒకే పేజీ. "కారణం: వినియోగదారురాలి అజాగ్రత్త. చదువులేని మహిళ అయినందున, నడుస్తున్న యంత్రాన్ని చేతితో తాకి మరణించినది." మన కాగితాలు ఏమయ్యాయని అడిగాను. ఫైల్లో చివర ఉన్నాయట. "అవి కుటుంబ వ్యవహారం, అందరికీ మంచిదే కదా, ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నారు. కింద నేను సంతకం పెట్టాలి, స్థానిక ఉద్యోగిగా.

ఎవరికీ ఇబ్బంది లేదు. నీకు లేదు, నాకు లేదు. నింద అమ్మ మీదకు పోయింది.

అమ్మకు చదువు లేదు, నిజమే. మోటార్ అరుపులో తేడా ఉందని ఆమెకే తెలిసింది. ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేను. నేను వినలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికేనా అమ్మ నాకు అక్షరాలు నేర్పించింది?

సంతకం పెట్టలేదు. గిరిబాబు సారుకు చెప్పాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూసి, "పద్నాలుగో తేదీ సోమవారం పెద్ద సారు కుప్పం వస్తాండాడు. నీ ఇష్టం" అన్నారు. కాగితాలు పక్కన పెట్టగలరు, మనుషుల్ని పెట్టలేరు కదా. మామా, ఆ క్యారియర్ తీసుకుని నువ్వు వస్తావా?

బీనా


పుంగనూరు,
డిసెంబర్ 9.

అమ్మణ్ణీ బీనా,

వస్తాను. సోమవారం తొలి బస్సుకు బయల్దేరి పలమనేరులో మారి పది లోపల కుప్పంలో ఉంటాను. స్టాండులో నిలబడి ఉండు. నేను అంగడి మూసి, ఒప్పుకున్న మోటర్లు వాళ్ళవి వాళ్ళకు ఇచ్చేసినాను. ఎన్ని దినాలు పడతాదో తెలియదు గదా.

నీ ఉద్యోగం సంగతి నేను అడగను. నువ్వు తెలిసే చేస్తాండావు. పోతే నా అంగడి ఉండాది, వాకిలి తీసే ఉంటాది.

మొదట నేను చెప్తా, తీగల సంగతి. తరవాత నువ్వు. మధ్యలో ఏడ్చి ఆపొద్దు, నేనూ ఆపను. ఆయన ఏమంటాడో నాకు రాసి చూపియ్యాల్సిన పని లేదు. బయటికి పొమ్మంటే మాత్రం నాకు వినపడదు, కూర్చోనే ఉంటా.

వాళ్ళు ఆ అజాగ్రత్త అనే మాట కొట్టేస్తే, ఆడ ఏమి రాయాలని అడగతారు. బస్సులో ఆలోచించేది ఎందుకని ఇప్పుడే రాసి పెడతాండాను. చెల్లి పేరు రాసి, పక్కన ఇట్ల రాయమందాము: మోటరు బాగలేదని మొదట చెప్పిన మనిషి ఈమే.

మీ మామ,
వరప్రసాద్